జవాబు రాలేదంటే పని కాలేదని కాదు

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళ టికెట్లలో ఒక వాక్యం పదే పదే కనబడుతుంది: "సర్వర్ రెస్పాండ్ అవ్వట్లేదు." వాళ్ళకు తెరమీద కనబడింది అంతే, అదే రాశారు. కానీ ఆ ఒక్క వాక్యం వెనక ఐదు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. మూడింటిలో మీరు పంపిన పని కచ్చితంగా జరగలేదు. మిగతా రెండింటిలో జరిగీ ఉండొచ్చు, జరగకా ఉండొచ్చు. క్లయింట్‌కీ సర్వర్‌కీ మధ్య చానెల్ గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, ఈ మూడింటినీ ఆ రెండింటినీ విడదీసి చూడటం రాకపోతే అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు ఏమీ గుర్తుకు రాదు. ఈ అధ్యాయం అంతా ఆ విడదీయడం గురించే.

మొదటిది పేరు దొరకకపోవడం. మీ ప్రోగ్రాం సర్వర్‌ని పేరుతో పిలుస్తుంది. ఆ పేరుకు ఐపీ చిరునామా ఏదో డీఎన్ఎస్ చెప్పాలి. అది చెప్పలేకపోతే మీ కబురు మీ మెషీన్ దాటనే లేదు.

రెండోది "కనెక్షన్ రిఫ్యూజ్డ్". ఇది చూసి చాలామంది కంగారుపడతారు గాని, ఐదింటిలో ఇదే మంచి వార్త. అవతలి మెషీన్ బతికే ఉంది, అక్కడిదాకా దారీ ఉంది. మీరడిగిన పోర్టు మీద వినే ప్రోగ్రాం ఏదీ లేదని అవతలి కెర్నెల్ వెంటనే చెప్పేసింది, అంతే. సర్వీసు స్టార్ట్ అయిందా, పోర్టు నంబరు సరైనదేనా చూసుకోవాలి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయి 5432 మీద ఉంటే, మైఎస్‌క్యూఎల్ అలవాటు కొద్దీ 3306 రాసి ఉంటారు. అప్పుడప్పుడు మధ్యలోని ఫైర్‌వాల్ కూడా ఇదే మాట చెబుతుంది.

మూడోది కనెక్ట్ టైమ్‌ఔట్. టీసీపీలో సంభాషణ మొదలయ్యేది సిన్ అనే చిన్న ప్యాకెట్‌తో. అవతలి నుంచి సిన్-యాక్ రావాలి, ఇవతలి నుంచి యాక్ పోవాలి, అప్పుడే కనెక్షన్. ఇక్కడ సిన్ పోయింది, అవుననీ రాలేదు, కాదనీ రాలేదు. చాలాసార్లు కారణం ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్‌ని చప్పుడు చేయకుండా పారేయడమే. క్లౌడ్‌లో అయితే సెక్యూరిటీ గ్రూప్‌లో ఆ పోర్టు తెరవడం ఎవరో మరిచిపోయి ఉంటారు. లినక్స్ ఏళ్ళ తరబడి ఒక పద్ధతి పాటించింది: మొదటి సిన్‌కు జవాబు రాకపోతే ఇంకో ఆరుసార్లు పంపుతుంది, మధ్య విరామాన్ని ఒక సెకను, రెండు, నాలుగు అని రెట్టింపు చేసుకుంటూ. మొత్తం కలిపితే 127 సెకన్లు. కొత్త కెర్నెల్స్‌లో ఈ లెక్క మారింది గాని, రెండు నిమిషాలు వేలాడి ఎర్రర్ వచ్చిందని చెప్పగానే పాతకాపులు "ముందు ఫైర్‌వాల్ చూడు" అనేది ఈ లెక్క చేతికి వచ్చేయడం వల్లే.

ఈ మూడింటిలోనూ మీ అసలు అభ్యర్థన బయల్దేరలేదు. నిర్భయంగా మళ్ళీ పంపండి.

నాలుగోది "కనెక్షన్ రీసెట్ బై పీర్". కనెక్షన్ కలిసింది, మాట నడుస్తోంది, మధ్యలో తెగింది. సర్వర్ ప్రోగ్రాం కూలి ఉండొచ్చు, మధ్యలోని లోడ్ బ్యాలెన్సర్ తెంపేసి ఉండొచ్చు. ఐదోది రీడ్ టైమ్‌ఔట్: కనెక్షన్ కలిసింది, అభ్యర్థన పూర్తిగా పోయింది, ఆ తర్వాత నిశ్శబ్దం. బ్రౌజర్‌లో 504 గేట్‌వే టైమ్‌ఔట్ అని కనబడేదీ ఈ జాతిదే. ముందున్న ఇంజిన్‌ఎక్స్ తన వెనకున్న సర్వర్ నుంచి సమయానికి ఏమీ వినలేదని మీకు చెబుతోంది. దాని సెట్టింగ్ ఎవరూ ముట్టుకోకపోతే ఆ సమయం 60 సెకన్లు. అందుకే 504 అచ్చంగా నిమిషానికి వస్తోందంటే మొదటి అనుమానం వెనకున్న ప్రోగ్రాం మీదికి పోవాలి.

ఈ చివరి రెండూ వచ్చినప్పుడు మీకు తెలియని విషయం ఒకటుంది: పని జరిగిందా లేదా అన్నది. మీ వైపు నుంచి ఎంత చూసినా తెలియదు. తెలిసినట్టు నటించే కోడ్ రాస్తే డబ్బులు రెండుసార్లు కట్ అవుతాయి, ఒకే ఆర్డర్ రెండు పెట్టెల్లో ఇంటికొస్తుంది.

మూడు టెర్మినళ్ళు

చదివితే ఇది మనసుకు ఎక్కదు. చేసి చూడాలి. లినక్స్ ఉన్న ఏ ల్యాప్‌టాప్ అయినా చాలు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

మొదటి టెర్మినల్‌లో నెట్‌క్యాట్‌ని 5000 పోర్టు మీద వినమని నడపండి. ఇదే మన సర్వర్. వెంటనే కంట్రోల్-జెడ్ నొక్కండి. ప్రోగ్రాం చావలేదు, ఆగి ఉంది. ఇక తనంతట తాను ఒక్క పనీ చేయదు. రెండో టెర్మినల్‌లో ఇంకో నెట్‌క్యాట్‌తో 127.0.0.1 చిరునామాకు, అదే 5000 పోర్టుకు కనెక్ట్ అవ్వండి. అవుతుంది. "అమ్మ" అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఏ ఎర్రరూ రాదు. ఇప్పుడు మూడో టెర్మినల్ తెరిచి ఎస్ఎస్ అనే కమాండ్‌తో టీసీపీ కనెక్షన్లు చూడండి. సర్వర్ వైపు వరసలో రిసీవ్-క్యూ కింద 13 అని ఉంటుంది. క్లయింట్ వైపు వరసలో సెండ్-క్యూ కింద సున్నా.

ఆ రెండంకెల ముందు కాసేపు కూర్చోండి. సున్నా అంటే, పంపిన బైట్లన్నిటికీ అవతలి నుంచి రసీదు వచ్చేసింది, ఇక బాకీ ఏమీ లేదు. 13 అంటే, వచ్చిన బైట్లు అవతలి కెర్నెల్ దగ్గర బఫర్‌లో పడి ఉన్నాయి, ప్రోగ్రాం వాటిలో ఒక్కటీ చూడలేదు. ఇప్పుడు మొదటి టెర్మినల్‌లో ఎఫ్‌జీ అని కొడితే నెట్‌క్యాట్ లేచి "అమ్మ" అని చూపిస్తుంది. మళ్ళీ మొదటి నుంచి చేయండి. ఈసారి లేపకండి, కిల్ మైనస్ తొమ్మిదితో చంపేయండి. ఆ 13 బైట్లు ఎవరూ చదవకుండానే పోయాయి. వాటికిచ్చిన రసీదు మాత్రం ఇచ్చినట్టే ఉంది.

టీసీపీ నమ్మకమైన చానెల్ అని పాఠ్యపుస్తకాలు చెప్పేది అబద్ధం కాదు. బైట్లు వరస తప్పకుండా చేరుస్తుంది, దారిలో పోయినవాటిని మళ్ళీ పంపుతుంది, రెండుసార్లు వచ్చినవాటిలో ఒకటి పారేస్తుంది. కానీ అది హామీ ఇచ్చేది ఒక కెర్నెల్ నుంచి ఇంకో కెర్నెల్ దాకానే. పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద సంతకం తిరిగొస్తే కవరు ఆ ఇంటికి చేరిందని తెలుస్తుంది, కవరు చించారో లేదో, లోపల రాసిన పని చేశారో లేదో కార్డు చెప్పదు. ఇంకో సంగతి: మీ ప్రోగ్రాంలో సెండ్ అనే ఫంక్షన్ విజయవంతంగా తిరిగొచ్చిందంటే కవరు పోస్టాఫీసుకు చేరినట్టు కూడా కాదు. మీ సొంత కెర్నెల్ బఫర్‌లోకి కాపీ అయిందని మాత్రమే.

నెట్‌వర్కులు పుట్టిన రాత్రే ఈ తేడా బయటపడింది. 1969 అక్టోబరు 29 రాత్రి పదిన్నర ప్రాంతంలో, లాస్ ఏంజెలస్‌లోని యూసీఎల్ఏ నుంచి చార్లీ క్లైన్ అనే విద్యార్థి ప్రోగ్రామర్, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోని కంప్యూటర్‌లోకి లాగిన్ అవ్వడానికి ప్రయత్నించారు. అటువైపు బిల్ డువాల్ ఉన్నారు. ఎల్ వెళ్ళింది, ఓ వెళ్ళింది, జీ దగ్గర అవతలి సిస్టం కూలిపోయింది. దాదాపు గంట తర్వాత లాగిన్ పూర్తయింది. కొత్త చానెల్‌ని పరీక్షిస్తున్న ఆ ఇద్దరూ అదే సమయంలో టెలిఫోన్‌లో ఉన్నారు. అక్షరం వచ్చిందా అని ఒకరు అడగడం, వచ్చిందని ఇంకొకరు చెప్పడం. లైను మీద ఏం పోయిందన్నది కాక అవతలి తెరమీద ఏం కనబడిందన్నది వాళ్ళకు కావాలి. ఆ సమాచారం నెట్‌వర్క్ ఇవ్వలేదు, అవతలి చివర ఉన్న మనిషే ఇచ్చాడు.

ఎంఐటీకి చెందిన జెరోమ్ సాల్ట్‌జర్, డేవిడ్ రీడ్, డేవిడ్ క్లార్క్ 1984లో అచ్చయిన వ్యాసంలో ఈ సంగతిని సూత్రంగా నిలబెట్టారు. ఈ వృత్తిలో ఒకే ఒక్క వ్యాసం చదవడానికి తీరిక ఉంటే అదే చదవమంటాను. అందులో వాళ్ళ సంస్థలోనే జరిగిన ఒక సంఘటన ఉంది. కొన్ని లోకల్ నెట్‌వర్కుల్ని గేట్‌వే కంప్యూటర్లతో కలిపారు. ఒక్కో అంచెకీ చెక్‌సమ్ ఉంది కాబట్టి దారి అంతా భద్రం అనుకున్నారు. ఒక గేట్‌వే మాత్రం డేటాని ఒక బఫర్ నుంచి ఇంకో బఫర్‌లోకి కాపీ చేసేటప్పుడు, సుమారు పది లక్షల బైట్లకోసారి పక్కపక్కన ఉన్న రెండు బైట్లని తారుమారు చేసేది. ఆ పొరపాటు జరిగేది చెక్‌సమ్ కాపలా లేని చోట, గేట్‌వే కడుపులో. దాని గుండా ఒక ఆపరేటింగ్ సిస్టం సోర్స్ ఫైళ్ళు మళ్ళీ మళ్ళీ అటూ ఇటూ ప్రయాణించాయి. చివరికి వాటి యజమానులు పాత ప్రింటౌట్లు ముందేసుకుని కంటితో పోల్చి దిద్దుకోవాల్సి వచ్చింది. మధ్యలో ప్రతి ముక్కా సరిగ్గా ఉన్నా మొత్తం సరిగ్గా ఉన్నట్టు కాదు. సరిచూడాల్సింది రెండు కొసల్లో ఉన్న ప్రోగ్రాములే.

13 ఎందుకు

మన ప్రయోగంలో 13 అన్న అంకె ఎలా వచ్చిందో తేల్చకుండా ముందుకు పోకూడదు. తెలుగువాళ్ళు రాసే సాఫ్ట్‌వేర్‌లో తెలుగే విరిగిపోయే చోటు అది.

"అమ్మ" కంటికి రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో నాలుగు: అ, మ, పొల్లు, మళ్ళీ మ. యూటీఎఫ్-8లో వీటిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం పన్నెండు. ఎంటర్‌కు ఒకటి. కంటికి రెండు, పైథాన్‌లో లెన్ అడిగితే నాలుగు, తీగ మీద పన్నెండు. హెచ్‌టీటీపీలో కంటెంట్-లెంగ్త్ అనే శీర్షికలో బైట్ల సంఖ్య రాయాలి. అక్షరాల సంఖ్య రాసేసిన కోడ్ ఇంగ్లీషు పేర్లతో ఏళ్ళ తరబడి బ్రహ్మాండంగా నడుస్తుంది, అక్కడ రెండు సంఖ్యలూ ఒకటే కాబట్టి. తెలుగు పేరు వచ్చిన రోజున 4 అని రాసి 12 బైట్లు పంపుతుంది. అవతలి ప్రోగ్రాం నాలుగే చదువుతుంది, అంటే "అ" మొత్తం, "మ"లో మూడో వంతు.

దీనికంటే దొంగ బగ్ ఇంకోటుంది. టీసీపీ మోసేది బైట్ల ప్రవాహాన్ని. మీ సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో దానికి పట్టదు. మీరు ఒకసారి సెండ్ అన్నది అవతల ఒకే రిసీవ్‌లో వస్తుందన్న హామీ లేదు. మీరు రెండుసార్లు పంపింది కలిసి ఒకేసారి రావచ్చు, ఒకసారి పంపింది మూడు ముక్కలై రావచ్చు. సొంత ల్యాప్‌టాప్‌లో చిన్న సందేశాలతో పరీక్షిస్తే ఎప్పుడూ ఒకే ముక్కగా వస్తుంది కాబట్టి "నా దగ్గర పనిచేస్తోంది" అన్న మాట పుడుతుంది. ఈథర్‌నెట్ మీద ప్యాకెట్ పరిమితి మామూలుగా 1500 బైట్లు. ఐపీ, టీసీపీ శీర్షికలకు కనీసం 40 పోతే మిగిలేది 1460. దాన్ని మూడుతో భాగించండి: 486, శేషం రెండు. ఖాళీలు లేని తెలుగు పాఠ్యం ఆ హద్దు దగ్గర తెగితే 487వ అక్షరంలో రెండు బైట్లు ఈ ముక్కలో, ఒకటి తర్వాతి ముక్కలో పడతాయి. వచ్చిన ముక్కని వచ్చినట్టే అక్షరాలుగా మార్చే కోడ్ అక్కడ నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం చూపిస్తుంది, లేదా ఎర్రర్ ఇచ్చి పడిపోతుంది.

మందు పాతదే, సులువైనదే. సందేశం ముందు దాని పొడవు బైట్లలో పంపండి, లేదా ముగింపుకు ఒక గుర్తు పెట్టుకోండి. అవతల అన్ని బైట్లూ చేరేదాకా పోగుచేసి, మొత్తం వచ్చాకే అక్షరాలుగా మార్చండి. హెచ్‌టీటీపీ లైబ్రరీ వాడుతుంటే ఈ పని అది చేస్తుంది. సొంతంగా సాకెట్ మీద రాస్తుంటే మీరే చేయాలి. ఇంకొక్క కోరిక: మీ టెస్ట్ డేటాలో ఒక పొడుగాటి తెలుగు చిరునామా పెట్టండి. ఇంటి నంబరు, వీధి, మండలం, జిల్లా అన్నీ తెలుగులో, ఒత్తులతో సహా. ఆ ఒక్క వరస పట్టించే తప్పులు మిగతా టెస్టులన్నీ కలిసినా పట్టించలేవు. మన భాషలో పేరు రాసుకున్నందుకు ఎవరి పెన్షన్ దరఖాస్తూ చానెల్ మధ్యలో విరిగిపోకూడదు.

నంబరు ముందు, కబురు తర్వాత

దుకాణంలో క్యూఆర్ స్కాన్ చేశారు, పిన్ కొట్టారు, తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. బ్యాంకు నుంచి డబ్బు కట్ అయినట్టు ఎస్ఎంఎస్ వచ్చింది. కౌంటర్ మీది సౌండ్‌బాక్స్ మాత్రం పలకలేదు. దుకాణదారు మీ వైపు, మీరు ఫోన్ వైపు చూస్తారు. ఇది ఐదో రకం. మన రాష్ట్రాల్లో దీన్ని ఎదుర్కోని మనిషి దొరకడం కష్టం.

2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐలో ఒక్క చెల్లింపు వెనక చాలా సంభాషణలుంటాయి. యాప్ తన వెనకున్న బ్యాంకుని అడుగుతుంది, ఆ బ్యాంకు యూపీఐని నడిపే ఎన్‌పీసీఐని అడుగుతుంది, ఎన్‌పీసీఐ మీ ఖాతా ఉన్న బ్యాంకుని డెబిట్ చేయమంటుంది, తర్వాత దుకాణదారు ఖాతా ఉన్న బ్యాంకుని క్రెడిట్ చేయమంటుంది. జవాబులన్నీ వెనక్కి ప్రయాణించాలి. ఒకరికి సర్వర్ అయినవాడు ఇంకొకరికి క్లయింట్. వీటిలో ఏ ఒక్క జవాబు ఆలస్యమైనా మీ తెరమీద పెండింగ్.

ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. ఆ చెల్లింపుకు బయల్దేరేటప్పుడే ఒక గుర్తింపు సంఖ్య పుట్టింది, అన్ని చేతులూ దాటుతూ అదే సంఖ్య ప్రయాణించింది. మీకు కనబడే పన్నెండంకెల యూటీఆర్ కూడా అలాంటిదే. డబ్బు పంపమనడం ఒక కబురు, ఫలానా సంఖ్య ఉన్న చెల్లింపు ఏమైందని అడగడం ఇంకో కబురు. రెండోదాన్ని పదిసార్లు అడిగినా ఎవరికీ నష్టం లేదు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు కూడా ఈ అనిశ్చితిని ఒప్పుకునే గడువులు పెట్టింది. మనిషికి పంపిన డబ్బు అతని ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా, దుకాణానికి కట్టిన డబ్బుకు ధ్రువీకరణ చేరకపోతే ఐదు రోజుల్లోపు, దానంతట అదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం.

మీరు రాసే చిన్న ప్రోగ్రాంకీ ఇదే పద్ధతి కావాలి. అభ్యర్థన పంపకముందే క్లయింట్ దానికో సంఖ్య ఇవ్వాలి, ఇచ్చిన సంఖ్యను తన డిస్క్ మీద రాసుకోవాలి, ఆ తర్వాతే పంపాలి. పంపిన తర్వాత రాసుకుందామనుకుంటే, ఆ రెండింటి మధ్యలో ఫోన్ ఆఫ్ అయిన రోజున ఏం పంపారో మీకే తెలియదు. జవాబు రాకపోతే కొత్త సంఖ్యతో కాదు, అదే సంఖ్యతో మళ్ళీ పంపాలి. చాలామంది జారిపడేది ఇక్కడే: రీట్రై చేసే ఫంక్షన్ లోపల సంఖ్యను పుట్టిస్తారు. ప్రతి ప్రయత్నానికీ కొత్త సంఖ్య వస్తుంది, సర్వర్‌కి ప్రతిదీ కొత్త ఆర్డర్‌లాగే కనబడుతుంది. లూప్ బయట పుట్టించండి.

సర్వర్ వైపు ఆ సంఖ్యల కోసం ఒక టేబుల్ పెట్టి, ఆ కాలమ్ మీద యూనీక్ నిబంధన పెట్టండి. సంఖ్యను రాయడం, అసలు పని చేయడం రెండూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో జరగాలి. వేరువేరుగా చేస్తే రెండింటి మధ్య సర్వర్ కూలే అవకాశం ఉంది. సంఖ్య రాసి పని చేయకుండా కూలితే, తర్వాత వచ్చిన రీట్రైకి "అయిపోయింది" అని అబద్ధం చెబుతుంది. ఇచ్చిన జవాబు కూడా ఆ వరసలోనే దాచండి, అదే సంఖ్య మళ్ళీ వస్తే దాచిన జవాబే ఇవ్వండి. ఒకే సంఖ్యతో రెండు కాపీలు ఒకే క్షణంలో వచ్చినా యూనీక్ నిబంధన ఒకదాన్ని ఆపుతుంది. ముందు ఉందా అని వెతికి, లేకపోతే రాద్దాం అన్న కోడ్ మాత్రం ఆపలేదు. రెండూ వెతుకుతాయి, రెండింటికీ కనబడదు, రెండూ పని చేసేస్తాయి.

అన్ని పనులకూ ఇంత ఏర్పాటు అక్కర్లేదు. హెచ్‌టీటీపీలో గెట్, పుట్, డిలీట్ ఎన్నిసార్లు చేసినా సర్వర్ మీద ఫలితం ఒకటే ఉండాలని ప్రమాణమే చెబుతోంది, సర్వర్ దాన్ని పాటించినంత కాలం ధైర్యంగా మళ్ళీ పంపొచ్చు. పోస్ట్ మాత్రం అలాంటిది కాదు. "బ్యాలెన్స్‌లో 500 తగ్గించు" అన్నది రెండుసార్లు చేరితే వెయ్యి పోతుంది. "చిరునామాని ఇలా మార్చు" అన్నది నాలుగుసార్లు చేరినా అదే చిరునామా. వీలైనప్పుడల్లా అభ్యర్థనని ఈ రెండో రూపంలో రాయడానికి ప్రయత్నించండి.

ఎంతసేపు ఆగాలి

పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీకి మీరు టైమ్‌ఔట్ చెప్పకపోతే అది ఎంతసేపైనా కూర్చుంటుంది. గో భాషలోని మామూలు హెచ్‌టీటీపీ క్లయింట్ కూడా అంతే. ఒక్క అవతలి సర్వర్ మందగిస్తే, దాని కోసం ఎదురుచూస్తూ మీ థ్రెడ్లన్నీ నిండిపోతాయి, దానితో సంబంధం లేని పేజీలు కూడా ఆగిపోతాయి. కాబట్టి కోడ్ రివ్యూలో నెట్‌వర్క్ కాల్ కనబడితే మొదట వెతకాల్సింది టైమ్‌ఔట్. కనెక్ట్ కావడానికి వేరుగా, జవాబు కోసం వేరుగా పెట్టండి. మొదటిది సెకనో రెండు సెకన్లో చాలు. రెండోది ఆ పని సాధారణంగా ఎంతసేపు పడుతుందో కొలిచి పెట్టాలి, ఊహించి కాదు.

అంచెలంచెలుగా ఉన్న చోట లోపలి గడువు బయటి గడువుకంటే చిన్నదిగా ఉండాలి. ఫోన్ పది సెకన్లకు విసిగి వెళ్ళిపోతే, మీ సర్వర్ మాత్రం వెనకున్న బ్యాంకు కోసం ముప్పై సెకన్లు ఆగుతుంటే, ఎవరూ వినని జవాబు కోసం ఇరవై సెకన్లు పనిచేసినట్టు. గూగుల్ 2015లో విడుదల చేసిన జీఆర్‌పీసీలో మిగిలిన గడువు అభ్యర్థనతో పాటే ముందుకు ప్రయాణించే వీలుంది. అది వాడకపోయినా ఆ ఆలోచన అరువు తెచ్చుకోవచ్చు.

ఎవరూ మాట్లాడని కనెక్షన్ల సంగతి వేరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి అభ్యర్థన ఒక్కటే విఫలమై తర్వాతివన్నీ సాఫీగా పోతున్నాయంటే ఇదేనేమో చూడండి. దారిలోని పెట్టెలు చప్పుడు లేని కనెక్షన్‌ని కొంతసేపటికి మరిచిపోతాయి. అమెజాన్ క్లౌడ్‌లోని నాట్ గేట్‌వే 350 సెకన్లకు మరిచిపోతుంది. లినక్స్ టీసీపీ కీప్-అలైవ్ ఆన్ చేసినా, మొదటిసారి పలకరించేది అప్రమేయంగా 7200 సెకన్లకు, అంటే రెండు గంటలకు. ఆ విలువని తగ్గించండి, లేదా కనెక్షన్ పూల్‌కి పాతవాటిని ముందే మూసేయమని చెప్పండి.

మళ్ళీ ప్రయత్నించేటప్పుడు విరామం పెంచుకుంటూ పోండి, అందులో కొంత యాదృచ్ఛికత కలపండి. ఇంటర్ ఫలితాల రోజున సైట్ ఒక్క క్షణం ఆగితే లక్షల ఫోన్లు సరిగ్గా ఐదు సెకన్ల తర్వాత ఒకేసారి తట్టకూడదు. అప్పుడే లేస్తున్న సర్వర్ ఆ దెబ్బకు మళ్ళీ పడిపోతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించాక ఆపాలో కూడా ముందే తేల్చుకోండి.

మధ్యలో ర్యాబిట్‌ఎంక్యూ, కాఫ్కా లాంటి క్యూ పెడితే ఈ బాధలన్నీ పోతాయని కొందరంటారు. క్లయింట్, సర్వర్ ఒకే సమయంలో మేలుకుని ఉండాల్సిన అవసరం పోతుంది, అది పెద్ద లాభమే. కానీ క్యూ ఇచ్చే రసీదు కూడా తనకు చేరిందనే చెబుతుంది, అవతలి ప్రోగ్రాం పని ముగించిందని కాదు. మామూలు అమరికలో ఒకే సందేశం రెండుసార్లు రావడం కూడా అక్కడ సహజం. సంఖ్యల టేబుల్ అక్కడా కావాలి.

రెండు పద్దులు

ఇన్ని చేసినా కొన్ని అభ్యర్థనలు ఎటూ తేలకుండా మిగులుతాయి. అవి మిగలడం మీ చేతకానితనం కాదు, చానెల్ స్వభావం. వాటిని వెతికి పట్టుకోకపోవడం మాత్రం మన నిర్లక్ష్యమే అవుతుంది.

అందుకు లాగ్‌లు రెండు చివరలా ఉండాలి, రెండింటిలోనూ అదే సంఖ్య ఉండాలి. క్లయింట్ వైపు పంపేముందు ఒక వరస, జవాబు వచ్చాక ఒక వరస. సర్వర్ వైపు అందగానే ఒక వరస, పని ముగిశాక ఒక వరస. ఇన్సిడెంట్ కాల్‌లో మీ వంతు వచ్చినప్పుడు చెప్పాల్సిందీ ఇదే: ఏ సమయానికి, ఎటునుంచి ఎటు, ఐదు రకాల్లో ఏది, ఏ సంఖ్య. "సర్వర్ రెస్పాండ్ అవ్వట్లేదు" బదులు "10:42కి మన పేమెంట్ సర్వీస్ నుంచి పోయిన ఫలానా అభ్యర్థనకు రీడ్ టైమ్‌ఔట్, కనెక్షన్ కలిసింది, అవతల అందినట్టు లాగ్ ఉంది, ముగిసినట్టు లేదు" అని చెబితే కాల్‌లో ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది వెళ్ళి పడుకోవచ్చు. కొత్తవాళ్ళు ఆ మాట చెప్పడానికి జంకుతారు. జంకక్కర్లేదు, ఆ నాలుగు వివరాలూ చేతిలో ఉన్నవాళ్ళ మాటే ఆ గదిలో చెల్లుతుంది.

తర్వాత ఒక చిన్న క్వెరీ రాసి ప్రతి పావుగంటకీ నడిపించండి: పంపినట్టు రాసి ఉండి, జవాబు రాని అభ్యర్థనలు ఏవి? ఒక్కోదానికీ సర్వర్‌ని స్థితి అడగండి. అయిందంటే మీ పద్దులో అయిందని రాయండి. ఆ సంఖ్యే తెలియదంటే అదే సంఖ్యతో మళ్ళీ పంపండి. మొదటి కాపీ ఇంకా దారిలో ఉండి ఆలస్యంగా చేరినా యూనీక్ నిబంధన కాపాడుతుంది. జరుగుతోందంటే వదిలేసి తర్వాతి పావుగంటకి చూడండి. బ్యాంకులు తమ పద్దుని ఎన్‌పీసీఐ పద్దుతో వరస వరసా పోల్చుకునేది ఈ పనినే పెద్ద ఎత్తున. మీరు మొదటి రోజు ఆ క్వెరీ నడిపినప్పుడు ఎవరూ ఫిర్యాదు చేయని అభ్యర్థనలు కూడా అందులో బయటపడితే ఆశ్చర్యపోకండి. ఒక్కో సంఖ్య పట్టుకుని అవతలి టీమ్‌కి ఫోన్ చేసి, వాళ్ళ లాగ్‌లో ఏముందో చదివి వినిపించమనండి.